కమ్యూనికేషన్ పీజీ: విలేకరి చదువా, పరిశోధన చదువా?

డిగ్రీ అయిపోయింది, పీజీ ప్రవేశ పరీక్ష సీపీజీఈటీ రాశారు, ర్యాంకు కూడా వచ్చింది. వెబ్ ఆప్షన్ల దగ్గరికొచ్చేసరికి ఒకచోట ఎం.సి.జె. (మాస్టర్ ఆఫ్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం) అని, ఇంకోచోట ఎం.ఏ. జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్ అని, మరోచోట ఉత్త మాస్ కమ్యూనికేషన్ అని కనపడుతుంది. సెంట్రల్ యూనివర్సిటీ వైపు చూస్తే అక్కడ మళ్లీ ఎం.ఏ. కమ్యూనికేషన్. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో బీఏ, బీకాం చేసిన పిల్లలకు ఇవన్నీ ఒకటేనా, వేరువేరా అన్నది తేలదు. ఇంట్లోవాళ్ల ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: "ఇది చదివితే పేపర్ల పనిచేస్తవా, టీవీల కనపడ్తవా?"

రెండూ కాకపోవచ్చు. అసలు ఈ కోర్సు పేరును బట్టి అందులో ఏముందో చెప్పడం కష్టం. ఎందుకంటే కమ్యూనికేషన్ అనే మాట కింద వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన చదువులు వచ్చి చేరాయి.

## ఒకే పేరు కింద మూడు చదువులు

మొదటిది పని నేర్పే చదువు. వార్త ఎట్లా సేకరించాలి, ఎట్లా రాయాలి, శీర్షిక ఎట్లా పెట్టాలి, పేజీ ఎట్లా కట్టాలి అన్నవి ఇందులోకి వస్తాయి. రెండోది తయారీ చదువు: కెమెరా, ఎడిటింగ్, రేడియో, ప్రకటనలు, డిజిటల్ వీడియో. మూడోది పరిశీలించే చదువు. సమాచారం ఎవరి దగ్గర పుడుతుంది, ఎవరి చేతులు మారుతుంది, ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు, దాని వల్ల ఎవరి మాట చెల్లుతుంది అని అడిగేది. సామాజిక శాస్త్రానికి, మనస్తత్వ శాస్త్రానికి ఇది దగ్గరి చుట్టం.

మేడారం జాతరనే తీసుకోండి. మొదటి చదువు చదివిన విద్యార్థి సమ్మక్క చిలకలగుట్ట దిగిన ఘడియను, ట్రాఫిక్‌ను, తాగునీటి ఇబ్బందిని గంటలో వార్తగా పంపగలగాలి. రెండో చదువు చదివిన విద్యార్థి నిలువెత్తు బంగారం, అంటే మొక్కుబడి బెల్లం, తూగే కుటుంబాన్ని వెంబడించి పది నిమిషాల వీడియో చేయగలగాలి. మూడో విద్యార్థి ప్రశ్న వేరు. రెండేళ్లకోసారి లక్షల జనం ఒకే అడవి దారి పడుతున్నారు. పూజారులు ప్రకటించిన తేదీ, ఆర్టీసీ ప్రకటన, టీవీ ప్రసారం, ఊళ్లో అమ్మమ్మ మొక్కు వీటిలో ఏది ఎవరిని కదిలిస్తోంది? పత్రిక లేని కాలంలో ఈ కబురు ఎట్లా పోయింది? ఇప్పుడు ఫోన్లు వచ్చాక ఆ దారి మారిందా, అట్లనే ఉందా?

ఈ మూడో విద్యార్థి జాతరలో వార్త రాయకపోవచ్చు. నాలుగు ఊళ్లు తిరిగి, రెండు వందల మందిని ఒకే తీరుగా అడిగి, వచ్చిన జవాబులను పట్టికల్లో పెట్టుకుంటాడు. పేపరోళ్లకు ఆ పని వింతగా కనిపిస్తుంది, అతనికి పేపరోళ్ల తొందర వింతగా కనిపిస్తుంది. ఇద్దరి సర్టిఫికెట్ మీద మాత్రం ఒకే పేరుంటుంది.

## జర్నలిజం శాఖ కమ్యూనికేషన్ శాఖ ఎట్లా అయింది

మన దేశంలో విశ్వవిద్యాలయాల్లోకి ముందు వచ్చింది జర్నలిజమే. 1941లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పి.పి. సింగ్ జర్నలిజం శాఖ పెట్టారు. దేశ విభజన తర్వాత అది ఢిల్లీకి, అక్కడి నుంచి చండీగఢ్‌కు చేరింది. హైదరాబాద్‌లో ఉస్మానియా 1954లో శాఖ తెరిచింది. అప్పటి ఉద్దేశం స్పష్టం: పత్రికలకు చదువుకున్న విలేకరులు, సబ్ ఎడిటర్లు కావాలి.

తర్వాత ప్రభుత్వానికి ఇంకో అవసరం పడింది. కొత్త వంగడాలు, కుటుంబ నియంత్రణ, టీకాలు, ఇవన్నీ ఊళ్లకు చేరాలంటే వార్త రాసేవాళ్లు చాలరు. చెప్పింది జనానికి ఎక్కుతోందా లేదా అని కొలిచేవాళ్లు కావాలి. 1965లో ఢిల్లీలో ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) ఏర్పడింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. సైట్ అని పిలిచే ఈ ప్రయోగంలో టీవీ పెట్టెలెంత ముఖ్యమో, ఊళ్లలో కూర్చుని ఎవరు చూశారు, ఏం గుర్తుపెట్టుకున్నారు అని లెక్క తీసిన పరిశోధకులూ అంతే ముఖ్యం. అభివృద్ధి కమ్యూనికేషన్ అనే పేపరు మన సిలబస్‌లో ఇప్పటికీ ఉండటానికి వెనక ఈ చరిత్ర ఉంది. 1988లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ వచ్చేనాటికి శాఖ పేరులో జర్నలిజం అనే మాటే అవసరం లేకపోయింది.

అమెరికాలో కథ ఇంకా ముందు నుంచి ఉంది, ఇంకా చిక్కుగా ఉంది. అక్కడ రెండు పాయలు. ఒకటి ఉపన్యాస కళ నేర్పే అధ్యాపకులది. 1914లో వాళ్లు ఇంగ్లిష్ శాఖల నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. రెండోది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రచారం మీద, రేడియో మీద పనిచేసిన సామాజిక శాస్త్రవేత్తలది. ఎవరు, ఏమి, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ఫలితంతో చెప్పారు అనే అయిదు ప్రశ్నలను 1948లో హెరాల్డ్ లాస్‌వెల్ పెట్టారు. మొదటి సెమిస్టర్ విద్యార్థులు ఈ అయిదింటినీ మంత్రంలా వల్లిస్తారు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో విల్బర్ ష్రామ్ దీనికి పరిశోధన సంస్థ కట్టారు. అదే ఇల్లినాయిలో పనిచేసిన జేమ్స్ కేరీ 1975లో ఎదురు ప్రశ్న వేశారు. కమ్యూనికేషన్ అంటే కబురు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడమేనా, జనం కూడి ఒక లోకాన్ని పంచుకోవడం కూడా కాదా అని. మేడారం గద్దెల దగ్గర నిలబడి చూస్తే కేరీ అడిగింది ఎందుకో వెంటనే తెలుస్తుంది. అక్కడికి వచ్చినవాళ్లకు కొత్తగా అందే సమాచారం ఏమీ లేదు, అయినా వస్తారు.

## పత్తి విత్తనం ఊరంతా ఎట్లా పాకుతుంది

సిద్ధాంతం పేపర్లంటే పిల్లలకు విసుగు. పరీక్ష కోసం పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టి వదిలేస్తారు. ఒక సిద్ధాంతాన్ని మన నేల మీద పెట్టి చూస్తే దాని పస తెలుస్తుంది. ఓరుగల్లు జిల్లాకు ఇంతకంటే తగిన ఉదాహరణ నాకు కనపడలేదు.

1943లో అచ్చయిన అధ్యయనం కోసం బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని అయోవాలో 259 మంది రైతులను అడిగారు: హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం గురించి మొదట ఎవరి ద్వారా విన్నారు? వేయాలని ఎవరిని చూసి నిర్ణయించుకున్నారు? రెండు ప్రశ్నలకు రెండు వేరు జవాబులు వచ్చాయి. మొదట విన్నది ఎక్కువగా విత్తనాలు అమ్మేవాళ్ల నుంచి. వేయాలని నిర్ణయించింది ఎక్కువగా పక్క రైతును చూసి. మొదట కొద్దిమంది కొద్దిగా వేసి చూశారు, తర్వాత వేగం అందుకుంది, చివరికి ఇద్దరు తప్ప అందరూ మారారు. ఎవరెట్ రోజర్స్ ఇలాంటి అధ్యయనాలను వందల్లో కలిపి 1962లో ఒక పెద్ద సిద్ధాంతంగా కట్టారు. కొత్తదాన్ని ముందుగా అందుకునేవాళ్లు, వాళ్లను చూసి కదిలేవాళ్లు, ఆఖరున వచ్చేవాళ్లు అంటూ జనాన్ని వర్గాలు చేశారు. రోజర్స్ కూడా అయోవా రైతు బిడ్డే. వాళ్ల నాన్న హైబ్రిడ్ విత్తనం వద్దన్నాడు, 1936 కరువులో పంట ఎండింది. పరిశోధకులు ప్రశ్నలను ఎక్కడి నుంచో తెచ్చుకోరు.

ఇప్పుడు ఇదే చట్రాన్ని వరంగల్‌కు తెద్దాం. బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. కొన్నేళ్లలోనే జిల్లా పత్తి చేలు దాదాపు అన్నీ దానికి మారిపోయాయి. మొదట మెల్లగా, తర్వాత వేగంగా లేచే రోజర్స్ వంపు గీతలాగే ఉంది కదా, రైతులు చూసి, వేసి, లాభం తెలుసుకుని మారారు అనిపిస్తుంది. కానీ గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవ శాస్త్రవేత్త వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, రైతులు ఏ ఏడు ఏ రకం కొన్నారో ఊరూరా లెక్క తీసి 2007లో వేరే సంగతి రాశారు. ఒక ఊళ్లో ఒక ఏడు ఒకే విత్తనం కోసం జనం ఎగబడతారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ పేరే వినపడదు. పక్క ఊళ్లో అదే సమయంలో ఇంకో విత్తనం ఊపు. ఆ ఎంపికకు ఆ నేలతో, ఆ నీటితో పెద్దగా సంబంధం కనపడలేదు. పక్కవాణ్ని చూసి వేస్తున్నారు, పక్కవాడు ఇంకొకణ్ని చూసి వేశాడు, మధ్యలో ఎవరూ కొంచెం వేసి పరీక్షించింది లేదు. అంగట్లో విత్తనాల పేర్లు, ప్యాకెట్లు ఏటేటా మారిపోతుంటే పరీక్షించి తెలుసుకునే వీలెక్కడిది? సొంతంగా తేల్చుకునే రైతు నేర్పు దీనివల్ల తరిగిపోతోందని ఆయన వాదన. ఈ తరుగుదల బీటీతో మొదలైంది కాదనీ, హైబ్రిడ్ల కాలం నుంచే ఉందనీ కూడా చెప్పారు.

దీనికి ఎదురు వాదం బలమైనదే. లాభం లేకుంటే రైతులు ఏటా ఎందుకు కొంటారు, ఇంత వేగంగా మారడమే ఆ విత్తనం పనిచేస్తోందనడానికి రుజువు కదా అంటారు. స్టోన్ కూడా 2011లో రాసిన మరో వ్యాసంలో తాను తిరిగిన వరంగల్ ఊళ్లలో దిగుబడి పెరిగిందనే చూపారు. అంటే విత్తనం మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న. రైతు దాన్ని ఎట్లా ఎంచుకున్నాడు అన్నది ఇంకో ప్రశ్న. కమ్యూనికేషన్ విద్యార్థి పని రెండో ప్రశ్నతో. విత్తనాల డీలర్ ఒక్కడే సమాచారం ఇచ్చేవాడు, అప్పు ఇచ్చేవాడు, పురుగుమందు సలహా చెప్పేవాడు అయినచోట 'సమాచార వనరు' అనే పాఠ్యపుస్తకపు మాటకు అర్థమేమిటి? అయోవా పట్టికలో ఈ గడికి చోటు లేదు. కొత్తది ఏదైనా మంచిదే అన్న మొగ్గు తమ సిద్ధాంతంలో ఉందని రోజర్స్ తర్వాతి కాలంలో తానే ఒప్పుకున్నారు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు వేసుకొచ్చే ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి ఈ చర్చలో చెప్పడానికి చాలా ఉంటుంది. పరీక్షలో మాత్రం వాళ్లను అడిగేది అయోవా గురించే.

## పరిశోధనలో లెక్క: 86 శాతం ఎందుకు చాలదు

ఆర్ట్స్ పీజీ కదా, లెక్కలుండవనుకుని చేరినవాళ్లు మూడో సెమిస్టర్‌లో రీసెర్చ్ మెథడాలజీ దగ్గర తడబడతారు. చిన్న ఉదాహరణతో చూద్దాం. ఇది ఊహించిన లెక్క.

ఒక విద్యార్థిని డిసర్టేషన్‌కు 'రైతులపై పత్రికల ప్రభావం' అనే అంశం తెచ్చింది. అంత పెద్ద అంశం ఒక సెమిస్టర్‌లో తేలదు. గైడ్ కుదించగా ఇలా అయింది: రెండు తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో, ఆరు నెలల కాలంలో, రైతుల గురించిన వార్తల్లో రైతు సొంత మాట ఎన్నింటిలో ఉంది, అధికారి లేదా నాయకుడి మాటే ఎన్నింటిలో ఉంది?

ఆరు నెలల పేపర్లన్నీ చదవడం కుదరదు. వరసగా రెండు వారాలు తీసుకుంటే చిక్కు. అవి మిర్చి ధర పడిపోయి రైతులు రోడ్డెక్కిన వారాలే కావచ్చు. అందుకని ఆ కాలంలోని సోమవారాలన్నిటి నుంచి చీటీ తీసినట్టు రెండు, మంగళవారాల నుంచి రెండు, ఇట్లా మొత్తం 14 రోజులు ఎంచుకుంటారు. ఆ రోజుల పేపర్లలో రైతుల వార్తలు 100 దొరికాయనుకుందాం.

వాటిని ఆమె ఒక్కతే చదివి 'రైతు మాట ఉంది', 'లేదు' అని గుర్తు పెడితే ఆమె అభిప్రాయం అవుతుంది, కొలత కాదు. అందుకే స్నేహితురాలితోనూ విడిగా చదివిస్తుంది. ఇద్దరూ చెరి 20 వార్తలకు 'ఉంది' అని, 80 వార్తలకు 'లేదు' అని గుర్తు పెట్టారు. 86 వార్తల దగ్గర ఇద్దరి గుర్తులూ కలిశాయి. 86 శాతం అంటే డిస్టింక్షన్ లాగే ఉంది.

అయితే కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా కొన్ని కలుస్తాయి. ఎన్ని కలుస్తాయి? ఇద్దరూ 'లేదు' అనే అవకాశం 0.8 ఇంటూ 0.8, అంటే 0.64. ఇద్దరూ 'ఉంది' అనే అవకాశం 0.2 ఇంటూ 0.2, అంటే 0.04. కలిపితే 0.68. వందలో 68 వార్తలు ఏమీ చదవకుండానే కలుస్తాయన్నమాట. నిజంగా చదివి సాధించాల్సింది మిగిలిన 32. వాటిలో వీళ్లు సాధించింది 18. 18ని 32తో భాగిస్తే 0.56. 1960లో జేకబ్ కోహెన్ చెప్పిన కప్పా కొలత ఇదే. ఇలాంటి కొలతలేవైనా 0.8 దాటితే పరిశోధకులు ధీమాగా ఉంటారు. క్లాస్ క్రిపెన్‌డార్ఫ్ తన కొలతకు కింది హద్దు 0.667 అన్నారు. మన 86 శాతం అక్కడిదాకా కూడా రాలేదు.

లోపం ఎక్కడుందని ఇద్దరూ కూర్చుని చూస్తే తగవు ఒక వాక్యం దగ్గర తేలుతుంది. "గిట్టుబాటు ధర లేక రైతులు వాపోతున్నారు." ఇది రైతు మాటేనా? ఒకామె అవునంది, ఇంకొకామె కాదంది. పేరు లేదు, ఊరు లేదు, ఏ రైతు, ఏమని వాపోయాడో లేదు. జిల్లా పేజీల్లో ఇలాంటి వాక్యం లేని రోజు ఉండదు. ఇప్పుడు నియమం తిరగరాయాలి: పేరుతో గానీ, ఉటంకింపుతో గానీ ఉంటేనే రైతు మాట. మళ్లీ చదవాలి, మళ్లీ లెక్క తీయాలి. నన్నడిగితే ఈ చదువులో సిసలైన పాఠం ఇక్కడే ఉంది. 'వాపోతున్నారు' అన్న మాటను ఇరవై ఏళ్లుగా రాస్తున్న డెస్క్‌కు తోచని ప్రశ్న ఒక లెక్క తప్పడం వల్ల బయటపడింది.

## ఉత్తర తెలంగాణలో ఏం దొరుకుతుంది

వరంగల్‌లో 1976లో ఏర్పడిన కాకతీయ యూనివర్సిటీలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ శాఖ ఉంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ శాఖ ఉంది. ఇవి, ఉస్మానియా సీపీజీఈటీ కిందికి వస్తాయి. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా రాయొచ్చు. రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు అని కౌన్సెలింగ్‌లో వేరుగా చూపిస్తారు, ఫీజుల తేడా అక్కడే. హెచ్‌సీయూకు కేంద్ర విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ రాయాలి. ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), ఉర్దూ మాధ్యమంలో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ), ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం కూడా హైదరాబాద్‌లో ఈ చదువు చెబుతున్నాయి.

నాలుగు సెమిస్టర్లలో మొదట కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, రిపోర్టింగ్, ఎడిటింగ్. తర్వాత మీడియా చట్టాలు, ప్రకటనలు, ప్రజా సంబంధాలు, రేడియో, టీవీ. చివర్లో పరిశోధన పద్ధతులు, ఇంటర్న్‌షిప్, డిసర్టేషన్. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పైన చెప్పిన మూడు చదువులూ ఒకే కోర్సులో కొంచెం కొంచెం పెట్టారు. హెచ్‌సీయూ లాంటిచోట తయారీ వైపా, అధ్యయనం వైపా అన్న మొగ్గు కోర్సులోనే కనపడుతుంది. కొంచెం కొంచెం పెట్టడం నష్టమేనా అంటే, ఏ దారి పట్టాలో తేల్చుకోని పిల్లలకు మూడూ రుచి చూసే వీలుంటుంది. కానీ స్టూడియో, కెమెరాలు, శాశ్వత అధ్యాపకులు లేనిచోట మూడూ నోట్సుగానే మిగిలిపోతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఖాళీల సంగతి అందరికీ తెలిసిందే.

మాధ్యమం ఇంకో చిక్కు. తెలుగు పత్రికలో పనికి తెలుగు రావాలి, సిద్ధాంతం చదవాలంటే పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. అధ్యాపక ఉద్యోగానికి, పరిశోధనకు అర్హత పరీక్ష అయిన నెట్ ప్రశ్నపత్రం కూడా ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది.

## డిగ్రీ కావాలా, అక్కర్లేదా

వకీలుకు, డాక్టరుకు ఉన్నట్టు విలేకరికి మన దేశంలో లైసెన్సు లేదు. జర్నలిజం పీజీ లేకుండానే ఎడిటర్ కావొచ్చు. 1922లో ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక నడిపిన ఒద్దిరాజు సోదరులకు, వరంగల్ నుంచి కాకతీయ పత్రిక తెచ్చిన పాములపర్తి సదాశివరావు, పి.వి. నరసింహారావులకు, జనధర్మ నడిపిన ఎం.ఎస్. ఆచార్యకు ఈ డిగ్రీతో పనిపడలేదు. డెస్క్‌లో పెద్దలు ఈ మాటే చెబుతారు: రాయడం రాస్తే వస్తుంది, మనుషులను తెలుసుకోవడం తిరిగితే వస్తుంది. పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నదీ ఇందుకే. తమకు కావాల్సిన పనిని తమ పద్ధతిలో కొన్ని నెలల్లో నేర్పుకుంటాయి. పీజీ చేసి వచ్చినవాడికి కూడా మళ్లీ అదే నేర్పాల్సి వస్తోందన్నది వాళ్ల ఫిర్యాదు.

అధ్యాపకుల జవాబు కొట్టిపారేసేది కాదు. మండలంలో లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లకే డబ్బు తీసుకుని, పనిచేసే కంట్రిబ్యూటర్ అత్యాచారానికి గురైన బాలిక పేరు రాయడు గానీ ఊరు, బడి, తండ్రి పని రాసేస్తాడు. ఆ ఊళ్లో ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరొక్కటే కాదు, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలతో సహా ఆ బిడ్డను గుర్తుపట్టించే దేన్నీ బయటపెట్టొద్దంటుంది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. కేసు పడ్డాక తెలుసుకునేకంటే తరగతిలో తెలుసుకోవడం మేలు కదా అంటారు. మంచి సబ్ ఎడిటర్ ఉంటే వారంలో చెప్పేస్తాడని పెద్దలు అంటారు. మంచి సబ్ ఎడిటర్ ప్రతి డెస్క్‌లో ఉన్నాడా అని వీళ్లు అడుగుతారు.

నా లెక్కలో ఈ తగవు మొదటి చదువు గురించే. పని నేర్చుకోవడం వరకే అయితే పెద్దల మాటలో నిజం ఎక్కువ. కానీ పైన చెప్పిన కప్పా లెక్క గానీ, విత్తనాల అధ్యయనం గానీ ఏ డెస్క్‌లోనూ నేర్పరు. అవసరం పడితే ఒక ఆరోగ్య కార్యక్రమం జనానికి చేరిందా అని కొలవడం, సర్వే ప్రశ్నలు రాయడం, గోండిలో ప్రసారమయ్యే ఆదిలాబాద్ ఆకాశవాణి కార్యక్రమాన్ని ఎవరు వింటున్నారో తేల్చడం, ఇవి స్వచ్ఛంద సంస్థల్లో, ప్రకటన సంస్థల్లో, ప్రభుత్వ శాఖల్లో పనికొచ్చే నేర్పులు. జిల్లా పౌర సంబంధాల అధికారి (డీపీఆర్వో) లాంటి పోస్టుల ప్రకటనల్లో జర్నలిజం అర్హత అడిగే సందర్భాలూ ఉన్నాయి.

## ఏడాది పీజీ, రెండేళ్ల పీజీ, నెట్, పీహెచ్‌డీ

కొత్త జాతీయ విద్యా విధానం వచ్చాక ఇక్కడ అయోమయం పెరిగింది. యూజీసీ 2024లో విడుదల చేసిన పీజీ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు పీజీ రెండేళ్లు, నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు ఒక ఏడాది చాలు. అమలు ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ. మన దగ్గర డిగ్రీ ప్రవేశాల దోస్త్ ద్వారా చేరిన ఎక్కువమందిది మూడేళ్ల డిగ్రీయే, కాబట్టి వాళ్లకు రెండేళ్లే.

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి పోవచ్చని 2022 నిబంధనలు చెబుతున్నాయి. అయితే కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగానికి 2018 నిబంధనల ప్రకారం 55 శాతంతో పీజీ, దానిపైన నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ ఉండాలి. రిజర్వుడు వర్గాలకు పీజీ మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. ఎం.ఫిల్. ఎత్తేశారు. సీనియర్లు ఇప్పటికీ ఎం.ఫిల్. చేయమని సలహా ఇస్తుంటారు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నెట్‌లో మన సబ్జెక్టు పేరు మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం. అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపరు 50 ప్రశ్నలు, సబ్జెక్టు పేపరు 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కు కోయరు. 2024 జూన్ నుంచి ఫలితం మూడు మెట్లుగా వస్తోంది. పైమెట్టులో పరిశోధన ఫెలోషిప్ అయిన జేఆర్‌ఎఫ్, దాని కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అన్నిటికంటే కింద పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూ మీద తేలుతుంది. మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఫెలోషిప్ వస్తుంది. మిగిలిన రెండు మెట్ల వాళ్లకు నెట్‌లో వచ్చిన పర్సంటైల్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. ఒకరికి 90 పర్సంటైల్ వచ్చి, ఇంటర్వ్యూలో వందకు 60 వస్తే 63కు 18 కలిపి 81. ఇంకొకరికి 80 పర్సంటైల్, ఇంటర్వ్యూలో 90 అయితే 56కు 27 కలిపి 83. రెండో వ్యక్తే ముందుంటాడు. తన పరిశోధన ప్రశ్నను నోటితో వివరించగలగడం ఎంత బరువైనదో ఈ లెక్క చెబుతుంది. ప్రవేశానికి ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు.

## అమెరికాలో ఇదే పేరు, వేరే లెక్క

వరంగల్, కరీంనగర్‌ల నుంచి అమెరికా పోయేవాళ్లలో కమ్యూనికేషన్ చదవడానికి పోయేవాళ్లు తక్కువే, కానీ అడిగేవాళ్లు పెరుగుతున్నారు. అక్కడ కమ్యూనికేషన్ శాఖ వేరు, జర్నలిజం స్కూల్ వేరుగా ఉండటం మామూలు. మొదటిదాంట్లో భార్యాభర్తల సంభాషణ మీదా, ఆసుపత్రిలో డాక్టరు-రోగి మాటల మీదా, కంపెనీల్లో మనుషులు మాట్లాడుకునే తీరు మీదా పరిశోధన చేస్తారు. కెమెరా పట్టుకుంటానని ఆశపడి చేరినవాళ్లు ఇక్కడ కంగుతింటారు. డిగ్రీ విద్యార్థులకు ఉపన్యాస పాఠాలు చెప్పే టీచింగ్ అసిస్టెంట్ పని ఈ శాఖల్లో పీహెచ్‌డీ వాళ్లకు దొరుకుతుంది, ఫీజు మాఫీ చాలాచోట్ల దానితోనే ముడిపడి ఉంటుంది. మాస్టర్స్‌కు అలాంటి సాయం తక్కువ.

చదువు అయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద పనిచేసే గడువు 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సయితే ఇంకో 24 నెలలు. కమ్యూనికేషన్ కోర్సుల్లో ఎక్కువ ఆ జాబితాలో లేవు. డిజిటల్ కమ్యూనికేషన్, మల్టీమీడియా అనే విభాగం మాత్రం ఉంది. అందువల్ల ఒకే ఊళ్లో, ఒకే రకం సిలబస్‌తో నడిచే రెండు కోర్సుల్లో ఒకదానికి ఏడాది, ఇంకోదానికి మూడేళ్లు దొరకొచ్చు. ఆ తేడా బ్రోచర్‌లో రాసిన కోర్సు పేరు మీద కాదు, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద వేసిన కోడ్ అంకె మీద ఆధారపడుతుంది.